తాతగారి పత్రికలు, వెలగని ఎల్ఈడీ

ప్రశ్న: మాది తణుకు. మా నాన్నగారు కిందటేడు పోయారు. ఆయన దాచుకున్న ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ పత్రికలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఎక్కువగా 80ల నాటివి. మధ్యలో కొన్ని ‘ఎలెక్టర్’ సంచికలూ, పాత విడిభాగాలున్న బిస్కెట్ల డబ్బా కూడా ఉన్నాయి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తాతయ్య పత్రికలో చూసి వాటర్ ట్యాంక్ అలారం చేసింది. అందులో రాసిన బీసీ 548 ట్రాన్సిస్టర్ ఇక్కడ దొరకలేదు. షాపతను 2ఎన్2222 ఇచ్చి ‘దీన్ని పెట్టినా పనిచేస్తుంది’ అన్నాడట. తీగలు నీళ్లలో ముంచితే ఎల్ఈడీ చాలా సన్నగా వెలుగుతోంది, గదిలో లైటు ఆర్పితే గానీ కనిపించదు. పిల్ల బాగా డీలా పడిపోయింది. మావారు ‘ఇవన్నీ పాతకాలం సరుకు, పేపర్లవాడికి వేసేసి ఒక ఆర్డుయినో కిట్ (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) కొనిద్దాం’ అంటున్నారు. నాకేమో పిల్ల కరెంటుతో ఆడుతోందని టెన్షన్. తను గీసిన సర్క్యూట్ బొమ్మ జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. తను గీసి పంపిన బొమ్మలో తప్పు లేదు. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్‌లోకి చిన్న కరెంటు పంపితే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు పెద్ద కరెంటు పారుతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక తీగ నీళ్లలోకి వెళ్లింది. నీళ్లలోంచి రెండో తీగ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా ట్రాన్సిస్టర్ బేస్‌కు వచ్చింది. ఎల్ఈడీ 680 ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిసి కలెక్టర్ వైపు ఉంది. ఎమిటర్ బ్యాటరీ నెగటివ్‌కు కలిసింది. ఇది పనిచేసి తీరాల్సిన సర్క్యూట్. సన్నగానైనా వెలుగుతోందంటే నీళ్ల గుండా కరెంటు బేస్‌కు చేరుతున్నట్టే, లోపం ఆ తర్వాతే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం ఆ మార్చి ఇచ్చిన ట్రాన్సిస్టర్ మీదే. అది పాడైందని కాదు, తిరగబడిందని.

బీసీ 548ను చదునుగా ఉన్న ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. ప్లాస్టిక్ ఒంటితో దొరికే 2ఎన్2222లలో చాలావాటికి ఈ వరస తలకిందులు: ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్ రెండింట్లోనూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి పత్రికలో బొమ్మ చూసి గుచ్చేస్తే తప్పు జరిగినట్టు కంటికి తెలియదు. పైగా ట్రాన్సిస్టర్ అసలు పనిచేయకుండా ఊరుకోదు. ఎమిటర్, కలెక్టర్ తారుమారైనా కొద్దిగా పనిచేస్తుంది. కానీ ఆ రెంటినీ ఫ్యాక్టరీలో ఒకేలా తయారు చేయరు. సరైన దిశలో బేస్‌లోకి వెళ్లిన కరెంటుకు నూరు, రెండొందల రెట్లు కలెక్టర్‌లో పారించగల ట్రాన్సిస్టర్, తిరగేస్తే ఏ నాలుగైదు రెట్లో పారిస్తుంది. మామూలు కుళాయి నీళ్ల గుండా బేస్‌కు చేరేది మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు అనుకుందాం. దానికి నూరు రెట్లయితే ఎల్ఈడీ నిండుగా వెలుగుతుంది. నాలుగైదు రెట్లయితే లైటు ఆర్పి వెతుక్కోవాలి. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే.

నేను చెప్పానని కాళ్లు తిప్పి పెట్టేయమనకండి. తనే కొలిచి చూసుకోవాలి. 2ఎన్2222 పేరుకు దగ్గరగా పీ2ఎన్2222 అని ఇంకొకటి వస్తుంది, దాని కాళ్ల వరస మళ్లీ బీసీ 548 లాగే ఉంటుంది. ఒంటి మీద అచ్చు చెరిగిపోతే ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ మీ ఇంట్లో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఆర్డుయినో కంటే ముందు అది కొనండి. పసుపు రంగులో ఉండే డీటీ830 రకం చాలు. దాని ముందుభాగంలో చిన్న గుండ్రటి సాకెట్ ఉంటుంది, ఒకవైపు ఎన్‌పీఎన్, మరోవైపు పీఎన్‌పీ అని రాసి ఉంటుంది. ఇవి ట్రాన్సిస్టర్లలో రెండు రకాలు, కరెంటు పారే దిశ ఒకదానికొకటి ఎదురు. మీది ఎన్‌పీఎన్. మధ్య కాలు ‘బీ’ అన్న రంధ్రంలో పడేలా ట్రాన్సిస్టర్‌ను ఎన్‌పీఎన్ వైపు గుచ్చి, నాబ్‌ను హెచ్ఎఫ్ఈ (కరెంటు ఎన్ని రెట్లవుతుందో చూపే గుర్తు) దగ్గర పెట్టమనండి. ఏదో ఒక అంకె వస్తుంది. తీసి, అటుదిటు తిప్పి మళ్లీ గుచ్చితే ఇంకో అంకె వస్తుంది. మూడంకెల సంఖ్య వచ్చినప్పుడు కాళ్లు ఏయే రంధ్రాల్లో ఉన్నాయో అదే అసలు వరస. మిగిలిన అంకె చాలా చిన్నదిగా ఉంటుంది. ఈ రెండంకెల తేడాను తన కళ్లతో చూసిన పిల్ల ట్రాన్సిస్టర్ కాళ్లను ఇక జన్మలో గుడ్డిగా గుచ్చదు.

తిప్పి పెట్టాక కూడా సర్క్యూట్ మొండికేస్తే బ్యాటరీ నెగటివ్ మీద మీటర్ నల్ల తీగ ఉంచి మూడు సార్లు కొలవాలి. తీగలు నీళ్లలో ఉన్నప్పుడు బేస్ దగ్గర 0.6 నుంచి 0.7 వోల్టులు, కలెక్టర్ దగ్గర 0.2 కంటే తక్కువ రావాలి. తీగలు బయటికి తీస్తే కలెక్టర్ దగ్గర 7, 8 వోల్టుల దాకా పెరగాలి. బేస్ సరిగా ఉండి కలెక్టర్ దిగకపోతే ట్రాన్సిస్టర్‌ను చూడాలి. బేస్ దగ్గరే ఏమీ లేకపోతే దానికి ముందున్న తీగలను చూడాలి. బ్రెడ్‌బోర్డు (సాల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చి సర్క్యూట్ కట్టే రంధ్రాల పలక) పెద్దదైతే ఇంకొకటి కూడా ఉంది. పైనా కిందా ఎరుపు, నీలం గీతల పక్కన ఉండే పవర్ వరసలు కొన్ని బోర్డుల్లో మధ్యలో తెగి ఉంటాయి. గీత ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో అక్కడ లోపల లోహపు పట్టీ కూడా లేదన్నమాట. ఎడమవైపు బ్యాటరీ పెట్టి కుడివైపు నుంచి కరెంటు రావాలని చూస్తూ కూర్చున్న పిల్లలు ఎందరో.

మీవారి మాటకు వస్తాను. పాతకాలం సరుకు అన్నారు, అందులో కొంత నిజం ఉంది. ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ ఢిల్లీ నుంచి 1969లో మొదలైంది. అప్పటి ప్రాజెక్టుల్లో వాడిన భాగాలు కొన్ని ఇప్పుడు షాపుల్లో లేవు. మీ నాన్నగారి డబ్బాలో గొట్టంలా లోహపు తొడుగుతో ఏసీ 128 అనేవి కనిపిస్తే అవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు, పైగా పీఎన్‌పీ రకం. వాటి బేస్ 0.2, 0.3 వోల్టులకే మేలుకుంటుంది. బీసీ 548 బదులు పెడితే సర్క్యూట్ మొత్తం తప్పుతుంది. అలాగే డబ్బాలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను (కరెంటును కాసేపు దాచిపెట్టే, లోపల ద్రవం ఉన్న భాగాలు) నమ్మవద్దు. ముప్పై, నలభై ఏళ్లలో లోపలి ద్రవం ఎండిపోయి ఉంటుంది, పైకి నిగనిగలాడుతున్నా సరే. రెసిస్టర్లు, డయోడ్లు, స్విచ్చులు మాత్రం మీటర్‌తో చూసి నిశ్చింతగా వాడుకోవచ్చు.

కానీ ఆ పత్రికల్లో సగం పేజీలకు ప్రాణంలాంటి 555 టైమర్ ఐసీ (సమయం లెక్కపెట్టి ఎల్ఈడీని ఆర్పి వెలిగించడం లాంటి పనులు చేసే చిప్) సంగతి చూడండి. హాన్స్ కామెన్‌జింద్ అనే ఇంజినీరు దాన్ని 1971లో రూపొందించారు, సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో అమ్మకానికి పెట్టింది. ఈరోజుకీ తయారవుతోంది, కొద్ది రూపాయలకే ఏ షాపులోనైనా ఇస్తారు, అవే ఎనిమిది కాళ్లు, అదే వరస. సీడీ 4017, ఎల్ఎం 324, 7805 అనే ఐసీలు కూడా అలాగే నిలిచాయి. అంటే మీ నాన్నగారు 1985లో చదివిన పేజీని మీ అమ్మాయి ఇవాళ అక్షరం మార్చకుండా కట్టుకోవచ్చు. కంప్యూటర్ల పత్రికైతే ఆ నాటిది ఇప్పుడు చరిత్ర మాత్రమే. ఎలక్ట్రానిక్స్‌లో ఈ అడుగు భాగం అంతగా మారలేదు.

‘ఎలెక్టర్’ సంచికలను మీ అమ్మాయి ఇంకా తెరవకపోతే ఒక జాగ్రత్త చెప్పండి. అది నెదర్లాండ్స్‌లో పుట్టిన పత్రిక, 80లలో భారతీయ ఎడిషన్ కూడా వచ్చింది. దాని పాత సర్క్యూట్లలో ట్రాన్సిస్టర్ పక్కన ‘టీయూఎన్’ లేదా ‘టీయూపీ’ అని ఉంటుంది. షాపుకెళ్లి అదే పేరు అడిగితే ఎవరికీ తెలియదు. ఆ పేరుతో ట్రాన్సిస్టర్ ఏదీ లేదు. ‘మామూలు ఎన్‌పీఎన్ ఏదైనా సరే’ అని చెప్పడానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు టీయూఎన్, పీఎన్‌పీకి టీయూపీ. అలాగే ‘డీయూఎస్’ అంటే మామూలు సిలికాన్ డయోడ్ ఏదైనా, 1ఎన్4148 చక్కగా సరిపోతుంది. టీయూఎన్ చోట బీసీ 547 గానీ 548 గానీ పెట్టవచ్చు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. ఇక్కడ ఫలానా నంబరే ఉండాలని కాదు, ఈ మాత్రం పని చేయగలిగేది ఏదైనా చాలు అని పాఠకుడికి మొదటి రోజే చెప్పేసింది ఆ పత్రిక. మీ షాపతను 2ఎన్2222 ఇవ్వడంలో కూడా తప్పు లేదు. కాళ్ల వరస చూసుకోమని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

అసలు ఈ పత్రికలను చదవడంలోనే ఒక కిటుకుంది. చాలామంది పిల్లలు నేరుగా సర్క్యూట్ బొమ్మ మీదికి దూకి, భాగాల పట్టిక రాసుకుని బజారుకు పరుగెడతారు. బొమ్మ పక్కన సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో చెప్పే పేరాలు రెండో మూడో ఉంటాయి, వాటిని వదిలేస్తారు. మీ అమ్మాయిని ముందు ఆ పేరాలే చదవమనండి. చదువుతూ బొమ్మ మీద పెన్సిల్‌తో పెట్టెలు గీయాలి: ఈ ముక్క కరెంటు సరఫరా, ఈ ముక్క నీళ్లను పసిగట్టేది, ఈ ముక్క చప్పుడు చేసేది. తర్వాత ఒక్కొక్క ముక్కనే బ్రెడ్‌బోర్డు మీద కట్టాలి. అది పనిచేసిందని మీటర్ చెప్పాకే రెండోదానికి వెళ్లాలి. ముప్పై భాగాలూ ఒకేసారి గుచ్చి స్విచ్ వేస్తే, పనిచేస్తే ఎందుకు చేసిందో తెలియదు, చేయకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. ఇంకొకటి, అచ్చుతప్పులు ఏ పత్రికకైనా తప్పవు. ఏదైనా ప్రాజెక్టు ఎంతకీ కుదరకపోతే ఆ తర్వాతి రెండు మూడు సంచికల్లో పాఠకుల ఉత్తరాలు, దిద్దుబాట్లు వెతకమనండి. మీ దగ్గర వరసగా సంచికలు ఉండటం ఇందుకే అదృష్టం. ఒక్క సంచిక అమ్మేసినా ఆ వరస పోతుంది.

ఆర్డుయినో కొనవద్దని మాత్రం నేను చెప్పడం లేదు. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసమే పుట్టిన బోర్డు అది, చాలా మంచి సాధనం, కొన్నాళ్లకు కొనివ్వండి. అయితే దానితో మోటారుకో బల్బుకో రిలే (లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, గుండా చిన్న కరెంటు పంపి పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) పెట్టాలనుకున్న రోజున ఏమవుతుందో చూడండి. ఆర్డుయినో ఊనో పిన్ను హాయిగా ఇవ్వగలిగింది 20 మిల్లీ ఆంపియర్లు. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ సుమారు 70 అడుగుతుంది. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు ఒక రెసిస్టర్, కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టాల్సిందే. ఆ డయోడ్ లేకపోతే రిలే ఆగిన క్షణంలో కాయిల్ నుంచి ఎగదన్నే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ పోతుంది. ఈ మూడు భాగాల ముక్క మీ నాన్నగారి పత్రికల్లో ఎన్ని చోట్ల ఉందో మీ అమ్మాయినే లెక్కపెట్టమనండి. ఇవాళ రెడీమేడ్‌గా అమ్మే రిలే మాడ్యూల్ విప్పి చూసినా దాదాపు అదే కనిపిస్తుంది. ట్యాంక్ అలారంతో ట్రాన్సిస్టర్‌ను అర్థం చేసుకున్న పిల్లకు ఆర్డుయినో వారంలో అలవాటవుతుంది. ప్రోగ్రామ్ మాత్రమే నేర్చుకున్న పిల్ల మాడ్యూల్ పాడైన రోజున కొత్తది కొనడం తప్ప ఏమీ చేయలేదు.

ఇక మీ టెన్షన్. ఇది న్యాయమైనదే, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 9 వోల్టుల బ్యాటరీతో, లేదా బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తున్న మంచి మొబైల్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులతో చేసేవాటికి మీరు భయపడక్కర్లేదు. సాల్డరింగ్ మొదలుపెడితే 25 వాట్ల ఐరన్ చాలు. దాని మొన మూడొందల డిగ్రీలు దాటుతుంది కాబట్టి స్టాండు తప్పనిసరిగా కొనాలి. పొగ ముఖానికి రాకుండా కిటికీ దగ్గర కూర్చోవాలి. సాల్డర్ తీగలో సీసం ఉంటుంది, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

భయపడాల్సింది వేరే ఉంది. పాత పత్రికల్లో ‘ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేని పవర్ సప్లై’ అంటూ చాలా ప్రాజెక్టులు వచ్చేవి. 230 వోల్టుల లైనును ఒక కెపాసిటర్ గుండా తెచ్చి 9 వోల్టులో 12 వోల్టులో తీసుకుంటారు. చవక, చిన్నది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి ఆ సర్క్యూట్‌లో ఏ తీగ ముట్టుకున్నా గోడలోని కరెంటును ముట్టుకున్నట్టే. 230 అని మనం అనుకునేది శిఖరం దగ్గర 325 వోల్టుల దాకా వెళ్తుంది. ఇలాంటి సప్లైని ట్యాంక్ అలారానికి పెడితే తీగలు మునిగిన నీళ్లన్నీ కరెంటే. ఆ పేజీలను చింపకండి గానీ, అట్ట మీద ఎర్ర పెన్నుతో సంచిక గుర్తు పెట్టి, మీ అమ్మాయికి కారణం చెప్పి ఇప్పటికి పక్కన పెట్టించండి. కారణం చెప్పకుండా వద్దంటే ఈ వయసు పిల్లలు చేసి చూస్తారు. అలాగే పంపు మోటారు స్టార్టర్ జోలికి తను వెళ్లకూడదు, అది ఎలక్ట్రీషియన్ పని. అలారం మోగితే మనిషి లేచి స్విచ్ ఆపాలి, ప్రస్తుతానికి అంతే.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ప్రాజెక్టులు కూడా ఆ సంచికల్లో కనిపిస్తాయి, పిల్లలను బాగా ఊరిస్తాయి. లైసెన్స్ లేకుండా రేడియో ప్రసారం చేయడం మన దేశంలో చట్టవిరుద్ధం. నిజంగా రేడియో మీద మోజు పుడితే దారి ఉంది. 12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాసి హామ్ రేడియో (వ్యాపారానికి కాక అభిరుచిగా నడుపుకునే రేడియో) లైసెన్స్ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ పనిలోనే ఉంది. ఆ ఊరు వెళ్లినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీకి కూడా తీసుకెళ్లండి. మీ దగ్గర దొరకని భాగాలు అక్కడ దొరుకుతాయి. నంబర్ల పట్టిక చేతిలో పెట్టి తననే అడగనివ్వండి.

ట్యాంక్ అలారం గురించి పత్రికలో ఉందో లేదో తెలియని ఒక సంగతి. రాగి తీగలను నీళ్లలో అలాగే వదిలేస్తే కొద్ది రోజులకే పాజిటివ్ తీగ ఆకుపచ్చగా మారి అరిగిపోతుంది. ఒకే దిశలో కరెంటు పారుతుంటే ఆ తీగలోని రాగి కరిగి నీళ్లలోకి పోతుంది. ఇంట్లో వాడే నీళ్లు కాబట్టి అది మంచిది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు రెండు వాడమనండి. రెంటినీ పక్కపక్కనే నిండు మట్టం దగ్గర పెడితే ట్యాంకు నిండిన కొద్దిసేపే నీళ్లలో ఉంటాయి.

ఇది సరిగ్గా వెలిగాక తర్వాత ఏం చేయాలో కూడా చెబుతాను. ఒక 555 తీసుకుని, పత్రికలో ‘అస్టేబుల్’ అని ఉన్న సర్క్యూట్ కట్టమనండి. 1 కిలో ఓమ్, 68 కిలో ఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఎల్ఈడీ దాదాపు సెకనుకు ఒకసారి ఆరి వెలుగుతుంది. 1.44ను మొదటి రెసిస్టర్, రెండోదానికి రెట్టింపు కలిపిన మొత్తంతోనూ, కెపాసిటర్ విలువతోనూ భాగిస్తే ఆ వేగం వస్తుంది. లెక్క ముందు కాగితం మీద వేసి, తర్వాత గడియారం పెట్టి చూసుకోవాలి. ఇప్పుడు ఆ కెపాసిటర్ ఒక్కటే తీసి 0.01 మైక్రోఫారడ్ పెట్టి, ఎల్ఈడీ చోట చప్పుడు చేసే పీజో డిస్క్ తగిలిస్తే సెకనుకు వెయ్యి సార్లు కొట్టుకుంటుంది. కళ్లకు కనిపించిన మెరుపే చెవికి కూతగా వినిపిస్తుంది.

చివరగా రెండింటినీ కలపాలి. రెండూ ఒకే బ్యాటరీ మీద ఉంచి, ట్యాంక్ సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి ఒక తీగ తెచ్చి 555 నాలుగో కాలికి కలపమనండి. ఆ కాలు దగ్గర వోల్టేజీ పడిపోతే 555 నోరు మూసుకుంటుంది. కలిపాక ఒక చిత్రం జరుగుతుంది: తీగలు నీళ్లలో ఉన్నంతసేపు నిశ్శబ్దం, బయటికి తీయగానే కూత. అంటే తను చేసింది ట్యాంకు ఖాళీ అయినప్పుడు మోగే అలారం. నిండినప్పుడు మోగాలంటే ఇంకొక ట్రాన్సిస్టర్, ఒకటి రెండు రెసిస్టర్లు కావాలి. అవి ఎక్కడ పెట్టాలో నేను చెప్పను, మీరూ ఎవరినీ అడగనివ్వకండి. తాతగారి అట్టపెట్టెల్లో దానికి సమాధానం ఉంది. తను వెతికి, కట్టి, కొలిచాక ఆ బొమ్మ గీసి నాకు పంపమనండి. కలెక్టర్ దగ్గర వచ్చిన వోల్టులు కూడా పక్కన రాయాలి.